నేలమాళిగలో మగ్గం

మహమూదా బీకి కోపం వస్తే ముందు చేతిలో ఉన్నది కింద పెడుతుంది. ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. ఆదోనిలో ఆమెను ఎరిగినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆ పొద్దు ఆమె చుట్టగా కట్టిన నూలు చిలపను మెల్లగా మెట్టు మీద పెట్టడం చూడగానే మరిది చోటే సాబ్ ఒక అడుగు వెనక్కు వేశాడు.

“నిలబడి ఏం సూస్తావు? దిగు. దిగి కాలు పెట్టి సూడు,” అంది.

చోటే సాబ్ చెప్పులు విప్పి నేలమాళిగలోకి దిగాడు. కొత్తగా పరిచిన బేతంచెర్ల బండల మీద కాలు పెట్టాడు. చల్లగా, జిగటగా తగిలింది. ఎత్తితే పాదం అచ్చు అట్లాగే పడింది. బయట వాన లేదు, రెండు రోజులుగా మబ్బు మూసుకుని ఉందంతే. కప్పు కారలేదు. గోడలు పొడిగానే ఉన్నాయి. నేల ఒక్కటే, జ్వరం విడిచిన మనిషి నుదురులా, చెమట పట్టి ఉంది.

మహమూదా బీ మెట్టు మీది చిలపను మళ్లీ తీసి అతని ముఖం ముందు పెట్టింది. మొన్న శుక్రవారం ఆ నూలును కింద బండ మీద పెట్టింది. ఇప్పుడు చూస్తే అడుగు పక్కంతా నల్లటి చుక్కలు.

“ఈ నేల మీద మగ్గం పెడితే నేసిన జంపఖానా నేసినట్టే బూజు పడుతాది. ఎవురు పరుచుకుంటారు చోటే, బూజు పట్టిన జంపఖానా?”

ఆ ఇల్లు ఒకప్పుడు పత్తి బేరం చేసిన చోటే సాబ్ తాతది. ఆయన ధర పెరిగేదాకా పత్తి బేళ్లు దాచుకోవడానికి ఇంటి కింద ఈ మాళిగ తవ్వించాడు. ఆయనతోనే ఆ బేరమూ పోయింది. ఆ తర్వాత రెండు తరాలు అందులో పగిలిన కుండలూ పందికొక్కులూ కాపురం చేశాయి. మహమూదా బీ మగ్గం పైన పెద్ద సావడిలో ఉండేది. నేలకు జానెడెత్తున పడుగు బిగించి, అడ్డంగా వేసిన పలక మీద కూర్చుని, ఇనుప పంజాతో పేకను దబదబ దిగ్గొట్టే మగ్గం అది. పెనిమిటి పోయాక కూడా ఆ చప్పుడు ఒక్క రోజు ఆగలేదు. ఆ చప్పుడు ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆమె మాటకు బరువు ఉంటుందని ఆమెకు తెలుసు.

చోటే సాబ్ చెడ్డవాడు కాదు. పరుపులు కుట్టే అంగడి అతనిది. దూది ఏకే మిషను కొనాలని ఎన్నాళ్ల నుంచో కలలు కని, ఆఖరికి బళ్లారిలో ఒకటి మాట్లాడాడు. పీర్ల పండగ అయ్యాక అది ఇంటికొస్తుంది. దాన్ని పెట్టడానికి సావడి తప్ప చోటు లేదు. మిషను తిరిగితే దూది పింజలు ఇల్లంతా ఎగురుతాయి, నేల అదురుతుంది, పక్కన మగ్గం సాగదు. ఎమ్మిగనూరులో తెలిసినవాళ్ల మగ్గాల కొట్టం ఉంది, నీ మగ్గం అక్కడికి పంపుదాం, నువ్వు ఇంట్లో హాయిగా నూలు చుట్టుకో భాభీ అన్నాడు. హాయిగా అన్న మాటకు మహమూదా బీ ఒళ్లు మండిపోయింది. గడప దాటిన మగ్గం మళ్లీ ఇంటికి రాదు. మగ్గం లేని మహమూదా బీ అంటే ఒక మూల కూర్చుని తినే ముసలమ్మ అని అర్థం.

అందుకని మాళిగ మీద పడింది ఆమె కన్ను. ఆదోని ఎండకు పైన నూలు పటపట తెగుతుంది. కింద చల్లదనానికి తెగదు. నేల బాగు చేయిస్తే అంతకంటే మంచి చోటు ఊళ్లో లేదు. ఎమ్మిగనూరులో సగం గుంట మగ్గాలకు గుంటలు తవ్విన బేల్దారి మేస్త్రీ అయ్యన్నను, అతని పెళ్లాం సిద్దమ్మను పిలిపించింది. ఎండాకాలంలో వాళ్లు పాత మట్టి ఎత్తిపోశారు, గులకరాళ్లు పోసి దిమ్మిస కొట్టారు, ఇసుక పోశారు, చెదలకు ఉప్పు చల్లారు, పైన బండలు పరిచి సున్నంతో సందులు పూడ్చారు. పైమెట్టు మీద కూర్చుని ఏది ఎక్కడ ఎంత వేయాలో మహమూదా బీ చెబుతూనే ఉంది. పని అయినప్పుడు నేల అద్దంలా ఉంది. ఇప్పుడేమో ఇట్లా ఏడుస్తోంది.

“నేను అప్పుడే అనుకున్నా భాభీ,” అన్నాడు చోటే సాబ్ పాదం తుడుచుకుంటూ. “ఇది కాలువ ఊట.”

ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు, తుంగభద్ర కాలువ అప్పుడే కొత్త. ఆ రోజుల్లో ఆదోనిలో ఏం జరిగినా జనం కాలువ మీదే పెట్టేవాళ్లు. బావిలో నీళ్లు పెరిగినా కాలువే, దోమలు కుట్టినా కాలువే, అల్లుడు అలిగి పోయినా కాలువ నీళ్లు తాగినందుకే. కాలువ ఎక్కడో మైళ్ల అవతల ఉంది, అయినా దానికి నోరు లేదు కాబట్టి ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు.

“భూమిలో నుంచి వచ్చే నీళ్లను ఎవురు ఆపుతారు? మగ్గం పంపిచ్చేద్దాం,” అన్నాడు అతను.

“ఆ బేల్దారిని పిలిపీ ముందు,” అంది మహమూదా బీ.

బస్సు డ్రైవరుతో ఎమ్మిగనూరుకు కబురు పంపితే మర్నాడు సాయంత్రానికే అయ్యన్న, సిద్దమ్మ దిగారు. మహమూదా బీ మంచినీళ్లిచ్చి, ఆ చెంబు తిరిగి చేతికి రాగానే కింద పెట్టి, మొదలుపెట్టింది. నీ చేతి పని చూసుకో పో అంది. ఎమ్మిగనూరు గుంటలు కూడా ఇట్లాగే తవ్వినావా అంది. ఇంకా ఏమేమో అంది. అయ్యన్న తల వంచుకుని విన్నాడు. సిద్దమ్మ మాత్రం కొంగు నడుముకు బిగించి ఏదో అనబోయింది, మొగుడు కళ్లతోనే వద్దన్నాడు.

“నా పని ఇట్లయిందంటే నాకు తల కొట్టేసినట్టుండాది బీబమ్మా,” అన్నాడు అయ్యన్న. “బండలెత్తి మళ్లా పరుచ్చాను. కానీ నీళ్లు యాడి నుంచి వస్తాండాయో ముందు తెలియాల. తెలీకుండా మళ్లా పరిస్తే మళ్లా ఇదే కత.”

“యాడి నుంచి ఏమప్పా, కాలువే!” అన్నాడు చోటే సాబ్.

“కాలువైతే రేపు పొద్దునకంతా తెలిసిపోతాది సాబూ. ఒక వెడల్పు మూతి గిన్నె ఇయ్యండి.”

పెద్ద ఇత్తడి గిన్నె ఇచ్చారు. అయ్యన్న నేలమాళిగ మధ్యలో ఒక చోట పొడిగుడ్డతో తుడిచి, గిన్నెను అక్కడ బోర్లించి, అంచు చుట్టూ బంకమట్టి మెత్తాడు, గాలి కూడా దూరకుండా. గుంట తవ్వే ముందర మేం ఇట్లే చూస్తాం అని చెప్పాడు. నీళ్లు కిందినుంచి ఎక్కుతాంటే పొద్దున గిన్నె లోపల చెమట పడుతుంది. కిందినుంచి కాకుంటే లోపల పొడిగా ఉంటుంది.

మహమూదా బీ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. గిన్నెలో చెమట పడితే మగ్గం పోయినట్టే. తెల్లవారగానే అందరికంటే ముందు దిగి, దాని పక్కన గొంతుకూర్చుంది. అయ్యన్న బంకమట్టి గీకి గిన్నె ఎత్తాడు.

లోపల పొడి. గిన్నె గోడల మీద ఒక్క బొట్టు లేదు. దాని కింద బండ కూడా గుండ్రంగా పొడిగా ఉంది. చుట్టూ ఉన్న నేలంతా మాత్రం తడి.

“చోటే! సూడు! కాలువ కాదు!” అని అరిచింది మహమూదా బీ. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి ఆమెకు.

చోటే సాబ్ వంగి వేలితో తాకి చూశాడు. నిజమే. “సరే, కాలువ కాదు. మరి ఈ నీళ్లు యాడివి?”

అందరూ అయ్యన్న వైపు చూశారు. అయ్యన్న తల గోక్కున్నాడు. గోడలు తట్టి చూశాడు. పైకి పోయి వాకిలి ముందు చూసి వచ్చాడు. మాళిగలో పరచగా మిగిలిన బండలను ఎండాకాలంలోనే అక్కడ గడప ముందు పరిచి ఉన్నారు. అదే రాయి, అదే మబ్బు. అవి ఎండుగానే ఉన్నాయి.

“తెలీదు బీబమ్మా,” అన్నాడు చివరికి. “కిందినుంచి కాదు. పైనుంచీ కాదు. గాలి చెమ్మ అనుకుందామంటే గడప కాడ బండలకు లేదు. ఇంతకాలం పని చేసినా, ఇట్లాంటిది నేను సూళ్లేదు.”

“తెలీదంట!” అన్నాడు చోటే సాబ్. “అంగట్లో నలుగురూ అడిగితే ఎమ్మిగనూరోని చెయ్యి మంచిది కాదని నేను ఊరికే అన్లేదు. ఇంక చాలు భాభీ. మగ్గానికి బండి మాట్లాడతా.”

ఆ మాటకు సిద్దమ్మ ముఖం పాలిపోయింది. ఆదోని అంగట్లో అన్న మాట బస్సు కంటే ముందే ఎమ్మిగనూరు చేరుతుంది. రేపు ఎవడు పిలుస్తాడు అయ్యన్నను? మహమూదా బీ అదంతా చూసింది, కానీ ఆమె గుండెలో మగ్గం తప్ప వేరే దేనికీ చోటు లేదు. పనివాళ్లకు ఇంత తిండి పెట్టాలి కదా అని పైకి వంటింట్లోకి పోయింది.

పొయ్యి మీద పప్పు ఉడికింది. ఉప్పు వేద్దామని ఉప్పుకుండలో చెయ్యి పెట్టింది. చెయ్యి తడిసింది. రాళ్లుప్పు కరిగి, అడుగున నీళ్లు ఊరి ఉన్నాయి. కుండ బయట కూడా చెమ్మ. దాని పక్కనే ఉన్న కందిపప్పు కుండ, పసుపు డబ్బా, ఎండు మిరపకాయల బుట్ట అన్నీ పొడిగా ఉన్నాయి. మబ్బు పడితే ఉప్పుకుండ ఏడుస్తుందని ఆమెకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు.

అట్లాగే నిలబడిపోయింది. పప్పు అడుగంటుతున్న వాసన వచ్చినా కదల్లేదు.

తుగ్గలిలో ఆమె పుట్టింట్లో నాయన మగ్గాన్ని చెదలు తినేశాయి. ఆ తర్వాత అమ్మ కొత్త మగ్గం పెట్టినప్పుడు దాని కింద నేలలో ఉప్పు దట్టించింది. ఆ మగ్గానికి మళ్లీ చెద పట్టలేదు. ఆ ఇల్లు మిట్ట మీద ఉండేది, పొద్దున లేస్తే ఎండ మగ్గం మీదే పడేది. మహమూదా బీ ఆ ఎండను మరిచిపోయి ఉప్పును మాత్రం గుర్తు పెట్టుకుంది. ఎండాకాలంలో అయ్యన్న రెండు దోసిళ్లు చల్లి, చాలు బీబమ్మా, మిగతాదానికి వేపపిండి కలుపుదాం అన్నాడు. ఆమె విన్లేదు. నువ్వు గుంటలు తవ్వేటోడివి, నేను మగ్గం మీద పుట్టినదాన్ని, బస్తాలు విప్పు అంది. అయ్యన్న నోరు మూసుకుని బస్తాలు విప్పాడు.

ఇప్పుడు ఆ సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు. అందరి ఇళ్లల్లో ఎంతో కొంత చల్లేదే కదా. ఆమె నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. మెల్లగా ఒక మాట అని ఆ ఇసుక మార్పించుకోవచ్చు, నేల బాగుపడుతుంది. పోయేదేమీ లేదు, అయ్యన్న పేరు తప్ప. చెబితేనో, ఏ నోటి బరువుతో ఆమె ఇన్నేళ్లు ఆ ఇంట్లో నెగ్గుకొచ్చిందో ఆ నోరే మరిది ముందు తేలిపోతుంది. నీ మాట విని ఇంతా చేశాం, ఇంక నా మాట విను అంటాడు. బండి కడతాడు.

సిగ్గు ఆమెను నిలువునా కాల్చింది. గరిటె కింద పెట్టింది.

కిందికి దిగేసరికి చోటే సాబ్ ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. మహమూదా బీ నేరుగా వంగి, బండల సందులో వేలు రాసి, నాలుక మీద పెట్టుకుంది. ముగ్గురూ నోరెళ్లబెట్టి చూశారు.

“ఉప్పు,” అంది. “ఉప్పే. అయ్యన్న చేతిది కాదు తప్పు. నాది. రెండు దోసిళ్లు సాలంటే నేను బస్తాలు పోపిచ్చినా. ఈడ ఎండ లేదు, గాలి లేదు. ఉప్పు గాలిలో చెమ్మంతా తాగి నేల మీద కక్కుతాండాది. నా వంటింట్లో కుండ సూసి నాకు బుద్ధొచ్చింది.”

అయ్యన్న కూడా వేలు రాసి నాలుకకు తాకించుకున్నాడు. అతని కళ్లు పెద్దవయ్యాయి. “అబ్బా! బస్తాలు విప్పింది ఈ చేతులే, నాకు తట్టనే లేదు సూడు!”

“అంటే బీబమ్మా,” అంది సిద్దమ్మ అమాయకంగా, “మనం నేలకు ఊరగాయ పెట్టినామా?”

ముందు మహమూదా బీయే నవ్వింది. నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడింది. కళ్లల్లో నీళ్లు కొంగుతో ఒత్తుకుంది, ఆ నీళ్లన్నీ నవ్వువే కావు. ఆ తర్వాత మరిది వైపు చూసింది. చెప్పు, నీ మాట చెప్పు అన్నట్టు.

చోటే సాబ్ గడ్డం నిమురుకున్నాడు. ఆమె తప్పు ఒప్పుకోవడం ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి అతను చూడలేదు.

“కాలువ చేసిన తప్పయితే మనం ఏమీ చేసేవాళ్లం కాదు భాభీ,” అన్నాడు ఆఖరికి. “నువ్వు చేసింది కాబట్టి బతికిపోయినాం. పోసిన ఉప్పు ఎత్తిపోస్తే పోతాది గదా?”

“పోతాది సాబూ!” అన్నాడు అయ్యన్న, గబుక్కున లేచి నిలబడి.

“అయితే కానీ. బండి మగ్గానికి కాదు, ఇసుకకు మాట్లాడతా.”

“ఇంకొకటి,” అంది మహమూదా బీ. “అంగట్లో ఎవురెవురికి ఏం సెప్పినావో, వాళ్లందరికీ పోయి జరిగింది సెప్పు. నా పేరు పెట్టి సెప్పు.”

పని మళ్లీ మొదలైంది. అయ్యన్న గునపంతో బండలు ఒక్కొక్కటే విరక్కుండా లేపాడు. కడుగుదామని పెరట్లో గోడకు నిలబెడితే, ఆ పొద్దే వాన పట్టుకుంది. నీళ్లు మోసే చాకిరీ తప్పింది, బండల్లోని ఉప్పును వానే కడుగుతుందని సిద్దమ్మ సంబరపడింది. ఉప్పు పట్టిన ఇసుక, దాని కింది గులకరాళ్లు, మట్టి అన్నీ తట్టలకెత్తి, ఒక్క గడ్డిపరకకూ నష్టం లేని రాతి మిట్ట మీద పోసి వచ్చారు. చోటే సాబ్ మాట్లాడిన బండి మాధవరం దగ్గర తుంగభద్ర ఒడ్డు నుంచి శుభ్రమైన గరుకు ఇసుక తెచ్చింది. మాళిగకు వీధి పక్క ఒక కిటికీ కన్నం, పెరటి పక్క ఒకటి కొట్టారు, ఒక దాంట్లో దూరిన గాలి రెండో దాంట్లో నుంచి పోయేట్టు. ఈసారి చెదలకు ఏం వేయాలి బీబమ్మా అని అయ్యన్న అడిగితే, నన్నడగొద్దు నాయనా, నీ ఇష్టం అంది. అతను వేపపిండి వేసి, మగ్గం కాళ్ల కిందికి నాలుగు రాతి దిమ్మెలు చెక్కాడు.

ఇసుక బాగా ఆరేదాకా బండలు పరచనన్నాడు అయ్యన్న. మహమూదా బీ లోపల ఉడికిపోయింది గానీ నోరు మెదపలేదు. అదే ఆమె ఆ ఏడాది చేసిన అన్నిటికంటే కష్టమైన పని. ఈలోగా పీర్ల పండగ వచ్చింది, పోయింది. బళ్లారి నుంచి మిషనూ వచ్చింది. సావడిలో ఇంకా మగ్గం ఉంది. చోటే సాబ్ గొణుక్కుంటూనే మిషనును వరండాలో పెట్టించి, గోనెపట్టాలు కప్పి, వచ్చేపోయేవాళ్లకు పట్టా ఎత్తి చూపిస్తూ కూర్చున్నాడు.

బండలు పరిచాక అసలు ముసురు పట్టింది. పగలూ రాత్రీ తెరిపి లేదు. పైన వాకిలంతా బురద. ఇంతకంటే మంచి పరీక్ష దొరకదని, మహమూదా బీ తానే ఇత్తడి గిన్నె బోర్లించి బంకమట్టి మెత్తింది. పక్కనే బండ మీద ఉతికి ఆరేసిన తెల్ల నూలు చిలప ఒకటి విప్పి పరిచింది. పొద్దున అయ్యన్న గిన్నె ఎత్తాడు. లోపల పొడి. చుట్టూ పొడి. ఆమె చిలపను తీసి చెంపకు ఆనించుకుంది. ఎండలో నుంచి తీసినట్టే ఉంది. కాళ్లు శుభ్రంగా తుడుచుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి, వెనక్కు తిరిగి చూసింది. ఎక్కడా పాదం అచ్చు లేదు.

“చోటే!” అని కేకేసింది. “మగ్గం దించు!”

దూలాలు, పలక, పంజా, చుట్టిన పడుగు ఒక్కొక్కటే మెట్లు దిగాయి. అన్నీ బిగించి నిలబెట్టాక సిద్దమ్మ వంటింట్లో నుంచి గుప్పెడు రాళ్లుప్పు పట్టుకొచ్చింది. కొత్త చోట మగ్గం, ఎన్ని కళ్లు పడతాయో, దిష్టి తీయాలి కదా. అది చూసి మహమూదా బీ పంజా కింద పెట్టింది. చోటే సాబ్ ఒక అడుగు వెనక్కు వేశాడు.

“ఆ ఉప్పుతో ఇంకొక్క మెట్టు దిగినావంటే నీ కాళ్లు ఇరగ్గొడతా,” అంది.

సిద్దమ్మ పైమెట్టు మీదే బిర్రబిగుసుకుపోయింది. మహమూదా బీ ఎక్కి వచ్చి, ఆ ఉప్పును తన గుప్పిట్లోకి తీసుకుని, అయ్యన్నను, సిద్దమ్మను వీధి వాకిలి బయటికి నడిపించింది. తుంపర పడుతోంది. ఎదురింటివాళ్లు చూస్తుండగా ఆమె అయ్యన్న రెండు చేతులూ ముందుకు చాపించి, వాటి చుట్టూ ఉప్పు తిప్పింది.

“మగ్గానికి ఎవురి కన్నూ తగల్లేదు. ఈ చేతులకే నా నోరు తగిలింది,” అంది.

ఉప్పును వీధి కాలువలో పారే వాననీళ్లలో పడేసింది. చేతులు కడుక్కుని, కొంగుతో బాగా తుడుచుకుని, నేయడానికి కిందికి దిగింది.